బర్సాని తెలుగులో తిత్తి అంటే సరిపోదా?

అమ్మ మోకాలి స్కాన్ రిపోర్టు చదివి, "మోకాలి వెనక బర్సాలో నీరు చేరిందట" అన్నాను. బర్సా అంటే ఏంటంది. సంచి అన్నాను. "మోకాల్లో సంచేంట్రా, కూరలు తేవడానికా?" అని ఒకటే నవ్వు.

రాత్రికి తట్టింది: తిత్తి! ఊపిరితిత్తి, కొలిమితిత్తి ఉండనే ఉన్నాయి. పైగా బర్సా లాటిన్ మాటే అయినా దాని మూలం గ్రీకులో ఉంది, అక్కడ అర్థం తోలు. మన పర్సు కూడా ఆ ఇంటి బిడ్డే. తిత్తి అన్నా తోలుసంచే కదా.

కూర్చుని మోకాలి మడత వెనక చెయ్యి పెట్టి చూడండి. లోపలివైపు తాళ్లలా బిగుసుకుని నరాలు తగులుతాయి (అసలు నరాలు వేరు, కండరాన్ని ఎముకకి కట్టే వాటినీ మనం నరాలే అనేస్తాం). వాటిలో ఒకటి పిక్క కండరం పక్కనుంచి పోయేచోట రెండూ ఒరుసుకోకుండా మధ్యలో ఈ తిత్తి ఉంటుంది. మామూలుగా లోపల కాస్త జిగురు తప్ప ఏమీ ఉండదు.

*తిత్తి అంటే సిస్ట్ కదండీ? అండాశయంలో నీటితిత్తులు అని పేపర్లలో రాస్తున్నారు. రెండిటికీ ఒకే మాటైతే పేషెంట్లకి టెన్షన్.*

నిజమే. కానీ మోకాలి వెనక మాత్రం రెండూ ఒకటేనండీ. చాలామంది పెద్దవాళ్లకి కీలు నుంచి ఆ తిత్తిలోకి సన్నటి దారి ఉంటుంది. గుజ్జు అరిగో, కీళ్లవాతం వల్లో కీలులో నీరెక్కువైతే అటు వచ్చేస్తుంది. తిరిగి పోదామంటే తలుపు మూసుకున్నట్టు అడ్డు. కొలిమితిత్తిలో గాలి సంగతి గుర్తు రావట్లేదూ? 1877లో లండన్ సర్జన్ విలియం మోరాంట్ బేకర్ దీని గురించి రాశాడని బేకర్ సిస్ట్ అంటున్నారు గానీ, కొత్తగా పుట్టిన గడ్డేం కాదు, ఉన్న తిత్తే ఉబ్బింది. అమ్మ నిలబడితే గట్టిగా తగులుతుంది, కాలు కాస్త మడిస్తే మెత్తబడుతుంది. అందుకే మామూలుగా ఉంటే తిత్తి, ఉబ్బితే నీటితిత్తి అందాం.

*బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం విన్నాం, పర్సుకీ మోకాలికీ ఇప్పుడే చూస్తున్నాం! మా వైపు ఉబ్బితే బుడ్డ అంటారు. మోకాలిబుడ్డ ఎలా ఉంది?*

వద్దు మహాప్రభో. ఆ మాటంటే అమ్మ నాకు అన్నం పెట్టదు.