పగుళ్లలో రెజిన్ పోసిన పనస చెక్క, చెక్క కిందకి వస్తుందా రాదా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పండగ ముందు మా ఊళ్లో చేతిపనుల అమ్మకాలు పెడుతున్నారు. లేత్ (చెక్కని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేసిన పెన్నులు, కుంకుమ భరిణెలు చెక్క వస్తువుల వరసలో పెడతానని పేరిచ్చాను. చూడ్డానికి వచ్చిన నిర్వాహకుడు ఒక పెన్ను అటూ ఇటూ తిప్పి, "ఇందులో సగం ప్లాస్టిక్కే కదా, ఫ్యాన్సీ సామాన్ల వరసలో పెట్టుకోండి" అన్నాడు. రెండు రోజులైంది, ఇంకా మింగుడుపడటం లేదు.

సంగతి ఇదీ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా పెరట్లో పనస చెట్టు పడిపోయింది. పొయ్యిలోకి కొట్టిద్దామంటే తాతయ్య ఒప్పుకోలేదు. దుంగ అలాగే పడి ఉంది. ఎండకి బీటలు, లోపల చెదలు. నేను లేత్ కొన్నాక అందులోంచి ఒక ముక్క కోసి బిగించాను. గౌజ్ ఉలి తగలగానే మూడు ముక్కలై ఒకటి గోడకి కొట్టుకుంది. తర్వాత అదే చెక్క బాగా ఆరబెట్టి, బీటల్లో నీలం రంగు కలిపిన ఎపాక్సీ, అంటే గట్టిపడే ప్లాస్టిక్ రెజిన్, పోసి, గట్టిపడ్డాక తిప్పితే నిలబడింది. మొదటి పెన్ను తాతయ్య జేబులో ఉంది. రెజిన్ లేకపోతే ఆ చెట్టు బూడిదే. మరి నేను చేసింది చెక్క పని కాదా?

అంకుడుకర్ర (ఏటికొప్పాక వైపు వాడిని, ఇప్పుడు పర్లాకిమిడి అల్లుడిని):
బాబూ, కోపం తెచ్చుకోకు. ఆయన అన్నదాంట్లో నాకు తప్పు కనబడలేదు. మేం అంకుడు కర్ర తరిమెన (మీరు లేత్ అనేదే) పడతాం. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుగొస్తుంది. ఇందులో అచ్చులో పోసిందేమీ లేదు. కర్ర పనికిరాకపోతే పక్కన పడేస్తాం, మంచి కర్ర తెచ్చుకుంటాం. కర్రని ఎంచుకోవడమే సగం పని. మీరు ఆ సగం వదిలేసి, ఎలాంటి కర్రకైనా రంగునీళ్లు పోసి గట్టిచేస్తున్నారు. నీలం గీత చూసి కొంటారు గానీ పనసని చూసి ఎవరు కొంటారు? బొబ్బిలి వీణకి పనస దుంగ తొలుస్తారు కదా, దానికి బీటల్లో నీలం పోస్తే ఎవరన్నా ఊరుకుంటారా?

జయపురం లేత్‌షాప్:
గురువుగారూ, ఒక్క మాట. లక్క కూడా రెజినే. కుసుమ చెట్టు మీద, మోదుగు మీద, రేగు మీద పురుగు కార్చే జిగురు. స్పిరిట్‌లో కరిగించి బల్లలకి కొట్టే పాలిష్ అదే. ఒకటి పురుగు చేస్తుంది, ఒకటి ఫ్యాక్టరీ చేస్తుంది. "రెజిన్ ఉంది కాబట్టి చెక్క కాదు" అంటే మొదట మీ బొమ్మల్నే వరసలోంచి లేపాలి.

అంకుడుకర్ర:
ఆ మాట వస్తుందని తెలుసు. లక్క పైన పూత. లోపల నిండా కర్రే. మీది లోపలే వేరే సరుకు. పూతా, ఒళ్లూ ఒకటేనా?

కొమ్ముదువ్వెన:
మాది ఇక్కడే కొమ్ము పని ఇల్లు. గేదె కొమ్ము వేడి చేసి, సాగదీసి, కొంగలూ దువ్వెనలూ చేస్తాం. కొమ్ము వంకర దాని పుట్టుక, దాన్ని సరిచేస్తే కొమ్ము కాకుండా పోయిందని మమ్మల్ని ఎవరూ అనలేదు. కానీ మా వీధిలో ఎప్పుడూ నలిగే గొడవ ఒకటుంది. నల్ల ప్లాస్టిక్ దువ్వెన కొమ్మని చెప్పి అమ్మేవాళ్లది. కొన్నవాళ్లు ఇంటికెళ్లి సూది కాల్చి దువ్వెనకి గుచ్చితే ప్లాస్టిక్ వాసన వస్తుంది, తిట్లు మాత్రం మాకే. కాబట్టి తమ్ముడూ, నీ రెజిన్ మీద నాకు పేచీ లేదు. నీ బిళ్ల మీద ఏం రాశావో చెప్పు.

మహేంద్రతనయ:
"చేతితో చేసిన పనస చెక్క పెన్ను" అని రాశాను అక్కా.

కొమ్ముదువ్వెన:
అయితే ఆయన అడగడంలో తప్పులేదు.

గుణుపురం గుంట:
నేను కొనేవాడి వైపు నుంచి చెప్తాను. కిందటేడు ఒక దుకాణంలో "అసలు టేకు" అని పెన్ను కొన్నాను. బరువుగా, అద్దంలా ఉంది. నెల రోజులు బైక్ హ్యాండిల్ దగ్గర సంచిలో ఎండలో తిరిగింది, పసుపెక్కిపోయింది. టేకు ముదురుతుంది గానీ అలా పసుపెక్కుతుందా? చెక్క పైన మందంగా రెజిన్ పోశారని అప్పుడు తెలిసింది. ముందే చెప్పి ఉంటే ఎండలో పెట్టకపోదును, అంతే.

జయపురం లేత్‌షాప్:
ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ఎపాక్సీ పసుపెక్కుతుంది, నిజమే. చాలా రకాలు యాభై అరవై డిగ్రీల దగ్గర మెత్తబడతాయి కూడా. మూసిన కారులో డాష్‌బోర్డు మీద పెట్టకూడదు. లక్క బొమ్మ కూడా పెట్టకూడదు, గురువుగారు ఒప్పుకుంటారు.

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. పగుళ్లలో పోసే రెజిన్ కంటికి కనబడుతుంది. ఇంకో పద్ధతిలో మెత్తబడిన చెక్కని పలుచటి రెజిన్‌లో ముంచి, వాక్యూమ్ పెట్టి గాలి లాగేస్తారు. తర్వాత గాలి మళ్లీ వదిలితే రెజిన్ చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది. ఓవెన్‌లో తొంభై, తొంభై అయిదు డిగ్రీల దగ్గర గట్టిపరుస్తారు. బయటికి మామూలు చెక్కే. నీలం గీత ఉండదు, మెరుపు ఉండదు. లోపలంతా ప్లాస్టిక్. మీ నిర్వాహకుడికి అది చూపిస్తే "భలే చెక్క" అని ముందు వరసలో పెడతాడు. కనబడే రెజిన్‌ని బయటికి పంపి కనబడని రెజిన్‌ని లోపలికి రానిస్తే ఆ రూలు ఎవరికి పనికొస్తుంది? నా లెక్కలో నీలం గీతే నిజాయితీ.

అంకుడుకర్ర:
ఈ మాట మాత్రం బాగుంది. నాకు తెలీదు ఆ సంగతి. అయితే నా గోల పూర్తిగా తీరలేదు. మా లేత్ కింద పడ్డ పొట్టు పొయ్యిలో వేసుకుంటాం, పెంటలో కలిపేస్తాం. మీ పొట్టు ఏం చేస్తారు?

మహేంద్రతనయ:
గోతాంలో పోసి పెరట్లో ఒక మూల ఉంచాను. పొడుగు దారాల్లా వస్తుంది గురువుగారూ, చెక్కని బిగించే చక్‌కి చుట్టుకుంటే ఆపి కోసి తీయాలి. ఏం చెయ్యాలో తెలీక ఉంచాను. కాల్చనైతే కాల్చను.

అంకుడుకర్ర:
అదిగో. చెట్టు బూడిద కాకుండా కాపాడావు, దాని పొట్టు మాత్రం బూడిద కూడా కాదు.

జయపురం లేత్‌షాప్:
దెబ్బ తగిలింది. ఇంకా రెండు ముక్కలు చెప్పి ఆగుతాను, పక్కదారే అయినా అందరికీ పనికొస్తాయి. సరిగ్గా గట్టిపడని ఎపాక్సీ ముట్టుకుంటే కొందరికి ఒంటికి పడక దురదలు మొదలవుతాయి. ఒకసారి మొదలైతే ప్రతిసారీ వస్తాయి. సాన పట్టేటప్పుడు మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలదు, మంచి మాస్క్ ఉండాలి. సాన కాగితం నీళ్లతో తడిపి పట్టండి, దుమ్ము లేవదు. వానాకాలం మన వైపు తేమకి ఎపాక్సీ పైన జిగటగా పొర కడుతుంది, మొదట్లో నేను పోసిన ముక్కలు అలాగే రెండు పాడయ్యాయి. చెక్క ఆరిందో లేదో ఎలా తెలుస్తుందని ఇదివరకు ఎవరో అడిగారు. మీటరు లేకపోతే వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగేదాకా. పచ్చి చెక్క మీద పోస్తే బుడగలు, తర్వాత అంచుల్లో విడిపోవడం. ఇంకో సంగతి, చెక్క తేలుతుంది, అచ్చులో నొక్కి పట్టకపోతే పైకొచ్చేస్తుంది.

మౌనంగా చూసేవాడు (బరంపురం):
ఇంతసేపూ చదివాను. తరిమెన అనాలి, లేత్ అనకూడదు అని నేను అందామనుకున్నాను. కానీ గిడుగు వారు వాడుక మాట కోసం పోట్లాడింది మీ పర్లాకిమిడిలోనే కదా అని గుర్తొచ్చి ఊరుకున్నాను.

కొమ్ముదువ్వెన:
లేత్ అననివ్వండి, పని జరుగుతోంది. తమ్ముడూ, బిళ్ల మళ్లీ రాయి. ఒడియాలోనూ తెలుగులోనూ. "పనస చెక్క, బీటల్లో ఎపాక్సీ పోసినది" అని సూటిగా. చిన్న అక్షరాల్లో కాదు. దాన్ని చూశాక కూడా వరసలోంచి తీసేస్తే అప్పుడు గొడవ పడు, నేనూ వస్తాను.

మహేంద్రతనయ:
రాశాను అక్కా. ఆయనకి చూపించాను. చదివి, "అయితే చెక్కే ముందు రాశారు కదా" అన్నాడు. వరస మాత్రం ఇంకా ఖాయం చేయలేదు. రెండింటి మధ్యలో స్తంభం పక్కన ఒక చిన్న బల్ల ఇస్తానంటున్నాడు. నీడ మాత్రం ఉంది.

అంకుడుకర్ర:
నీడ చూసుకున్నావు, మంచిది. బాబూ, ఆ దుంగలో చెదలు పట్టని భాగం ఒక జాన ఏమన్నా మిగిలిందా? పనస మీద లక్క ఎలా పడుతుందో నేనెప్పుడూ చూడలేదు. ఒక భరిణె చేసి నీ బల్ల మీదే పెడదాం.

మహేంద్రతనయ:
వేరు మొదట్లో ఒక జాన బాగానే ఉంది. తాతయ్యని అడగాలి. ఆ ముక్క మీద కూర్చునే పేపర్ చదువుతారు.