అమెరికాల యూదుల పిల్లలు ఆటిజం ఉన్న పిల్లల ఇంటికి పోయి ఆడుతున్నట్టు మన హన్మకొండల ఎవరన్న చేస్తున్నరా?

నయీంనగర్ అమ్మ:
మా బాబుకు తొమ్మిదేండ్లు. ఆటిజం. మాటలు తక్కువ, గని బస్సు బోర్డు కనవడితే చాలు గట్టిగ చదువుతడు. పరకాల, నర్సంపేట, తొర్రూరు. థెరపీకి పోతున్నం, ఇట్లాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత సెంటర్‌కు పోతున్నం. వాడితోని ఆడేటోళ్లందరు జీతానికి ఆడేటోళ్లే, లేకుంటే నేను. సోపతి అనేటోడు ఒక్కడు లేడు.

మిషిగన్‌ల ఉన్న మా ఆడబిడ్డ ఫోన్ల చెప్పింది. అక్కడ యూదులది ఫ్రెండ్‌షిప్ సర్కిల్ అని ఉన్నదట. ఇద్దరు హైస్కూల్ పిల్లలు వారం వారం ఇంటికొచ్చి ఇట్లాంటి పిల్లలతోని ఆడిపోతరట. నాకు నమ్మబుద్ధి కాలే. ఎందుకంటే పోయినేడు ఒక కాలేజీ పిల్లలు మా సెంటర్‌కు వచ్చిండ్రు. అరటిపండ్లు పంచి, బ్యానర్ పట్టుకొని ఫొటో దిగిండ్రు. మావోడు ఆ బ్యానర్ మీది అక్షరాలు చదువుడు మొదలువెట్టంగనే మడత వెట్టుకొని పోయిండ్రు. మళ్ల రాలే.

మరి ఆ పిల్లలు మళ్ల మళ్ల ఎందుకొస్తున్నరు? మతం చెప్తదా? మార్కులేస్తరా?

జనగామ తమ్ముడు:
అక్కా, నేనుండేది కూడ మిషిగన్‌లనే. మీ ఆడబిడ్డ చెప్పింది నిజం. 1994ల వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌ల లెవీ షెమ్‌టోవ్ అనే రబ్బీ (యూదుల మతగురువు), ఆయన భార్య బాసీ మొదలువెట్టిండ్రు. వాళ్లు ఛబాద్ శాఖ యూదులు. ఇప్పుడు చాన ఊర్లల్ల ఉన్నది.

మతం సంగతి అడిగిండ్రు కదా. మంది కోసం ప్రేమతోని చేసే పనిని వాళ్లు 'హెసెద్' అంటరు. పిల్లగానికి 13 నిండితే బార్ మిట్జ్వా, పిల్లకు 12 నిండితే బాత్ మిట్జ్వా అంటరు. ఇగ అప్పటిసంది ధర్మం బరువు వాళ్ల మీదనే. చానమంది ఆ వయసుల ఏదో ఒక సేవ పట్టుకుంటరు. అయితే మతం ఒక్కటే అయితే రెండు వారాలకు మానేస్తుండిరి. నాకు తెలిసిన కిటుకేందంటే, జోడీగ పంపుతరు. ఒక్కడే అయితే బెదురుతడు. ఇద్దరైతే వాళ్ల ముచ్చట్లు గూడ అక్కడనే నడుస్తయి.

ఇంకోటి, లైఫ్‌టౌన్ అని బిల్డింగు లోపలనే చిన్న ఊరు కట్టిండ్రు. బ్యాంకు, దుకాండ్లు, ట్రాఫిక్ లైట్లు. పిల్లలు బ్యాంకుల పైసలు తీసుకొని, లైటు చూసి రోడ్డు దాటి, కొనుక్కుంటరు. మీవోడైతే అక్కడ బస్సేదని అడుగుతడేమో.

కరీంనగర్ టీచర్:
ఇజ్రాయెల్‌లో 2002లో క్రెంబో వింగ్స్ అని మొదలైంది. వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఆడుకునే సంఘం అది. మొదలుపెట్టిన అమ్మాయి వయసు అప్పటికి పదహారే. క్రెంబో అంటే అక్కడ చలికాలంలో దొరికే చాక్లెట్ మిఠాయి. యూదు పిల్లలూ అరబ్బు పిల్లలూ ఇద్దరూ ఉంటారు.

ఇక్కడి సంగతికొస్తే, కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరిన పిల్లలు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. అందులో ఇరవై గంటలు ఒకే పిల్లవాడి ఇంటికి ఇప్పించమని ప్రోగ్రాం ఆఫీసర్‌ను అడగండమ్మా. కానీ ముందు మీ బాబు గురించి ఒక కాగితం రాసివ్వండి. ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, ఏడిస్తే ఏం చేయాలి, ముట్టుకోవచ్చా లేదా. ఆ గంటసేపు మీరు ఇంట్లోనే ఉండాలి, తలుపు తీసే ఉంచాలి.

నయీంనగర్ అమ్మ:
మేడం, గంటలు లెక్కవెట్టుకొని వచ్చేటోళ్లు నాకొద్దు అనిపిస్తది. తప్పా?

కరీంనగర్ టీచర్:
లెక్క కోసం వచ్చినవాళ్లలో కూడా ఎవరో ఒకరు ఉండిపోవచ్చు. ఆ ఒక్కరు చాలదా మీకు?

ఇంటర్ సెకండియర్:
అక్కా, మాది కాజీపేట. నాకు రావాలని ఉంది, గని భయమైతది. కొడితే ఏం చెయ్యాలె?

నయీంనగర్ అమ్మ:
మావోడు కొట్టడు తమ్మీ. మిక్సీ పెడితే మంచం కిందికి దూరుతడు, గంతే. అడిగినందుకు సంతోషం. మంది అడగరు, దూరం జరుగుతరు.

మేడం చెప్పినట్టు కాగితం రాసిన. నిన్న మా పక్కింటి పదో తరగతి పిల్లకిచ్చిన. ఆమె తన దోస్తును తోలుకొని వచ్చింది. ఇద్దరు అట్టముక్కల మీద బస్సు బోర్డులు రాసిండ్రు. తొర్రూరుల ర కింద వత్తు మర్చిపోయిండ్రని మావోడు అట్టను నేలకు కొట్టి మళ్ల రాపిచ్చిండు. పిల్లలు బెదరలే, నవ్విండ్రు. నేనే తలుపు కాడ నిలవడి బెదిరిన.

ఆదివారం నాలుగింటికి మళ్ల వస్తమన్నరు. వాడు క్యాలెండర్ మీద గీత గీసుకున్నడు. తమ్మీ, నువ్వు గూడ నాలుగింటికే రా. ముగ్గురున్నా నాకేం ఫరకు లేదు, బోర్డులు చానున్నయి.