శుక్లం, కంటి ప్రెషర్ రెండూ ఉన్నాయి. ముందు ఏది చూసుకోవాలి?

పొద్దుపొడుపు:
అమ్మకు 66 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లం మొదలైందన్నారు. ప్రెషర్ కుడికంట్లో 27, ఎడమకంట్లో 25 ఉంది. రాత్రికి లాటనోప్రోస్ట్, పొద్దునా సాయంత్రం టిమోలోల్ చుక్కలు రాశారు. మసక తప్ప నొప్పేమీ లేదు కాబట్టి "శుక్లం తీసేస్తే అన్నీ సర్దుకుంటాయి, ఈ చుక్కలెందుకు" అంటోంది. వేసిన మందులో సగం చెంప మీదే పోతోంది. 2.5 మి.లీ. లాటనోప్రోస్ట్ సీసా రెండు వారాలకే ఖాళీ. ఆపరేషన్ వెంటనే చేయించాలా, శుక్లం ముదిరేదాకా ఆగాలా?

నల్లగుడ్డు:
రెండింటినీ ఒకే గాటన కట్టకండి. శుక్లంలో మసకబారేది కంట్లోని లెన్స్. అది మారిస్తే చూపు తిరిగొస్తుంది, కొన్ని నెలలు ఆగినా మామూలుగా కొంప మునగదు. కంటి ప్రెషర్ పెరిగితే భయపడాల్సింది గ్లాకోమా (నీటికాసులు) గురించి. అందులో దెబ్బతినేది కంటి నరం. చూపు సాధారణంగా పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది, నొప్పీ ఉండదు. తెలిసేసరికి చాలా నరం పోయి ఉంటుంది, పోయింది ఏ ఆపరేషన్‌తోనూ రాదు. కాబట్టి ముందు చుక్కలు.

అయితే ప్రెషర్ అంకె ఒక్కటే చూసి గ్లాకోమా అని తేల్చరు. మామూలుగా 10 నుంచి 21 ఉంటుంది. నల్లగుడ్డు (కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా) మందం సగటున 540 మైక్రాన్లు. అంతకంటే మందంగా ఉంటే ప్రెషర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, పలచగా ఉంటే తక్కువ చూపిస్తుంది. అందుకే మందం కొలిచే పాకీమెట్రీ, నరాన్ని స్కాన్ చేసే ఓసీటీ, చుట్టూ ఎంతమేర కనబడుతోందో చూసే ఫీల్డ్ టెస్ట్ అయ్యాయో లేదో అడగండి. ఫీల్డ్ టెస్ట్‌లో సగం లైట్లు కనబడక చాలామంది కంగారుపడతారు. కనబడీ కనబడనంత మసక లైట్లు ఆ మిషన్ కావాలనే చూపిస్తుంది. లైట్ కోసం వెతక్కుండా మధ్య చుక్కనే చూడమనండి. మొదటిసారి రిపోర్టు తరచూ తేడాగా వస్తుంది, మళ్లీ చేయిస్తారు.

అన్నిటికంటే ముఖ్యం గోనియోస్కోపీ. కంట్లో నీరు బయటికి పోయే కోణం తెరిచి ఉందో ఇరుగ్గా ఉందో అందులో తెలుస్తుంది. ఇరుగ్గా ఉంటే అమ్మగారి మాటలో కొంత నిజం ఉంది: ముదురుతున్న లెన్స్ లావెక్కి కోణాన్ని నొక్కుతుంది, దాన్ని తీసేస్తే దారి తెరుచుకుంటుంది. లేదా లేజర్‌తో ఐరిస్‌లో (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో) చిన్న రంధ్రం చేస్తారు. కోణం తెరిచే ఉంటే శుక్లం తీసినా ప్రెషర్ కొద్దిగానే తగ్గుతుంది, చుక్కలు మానేసేంత కాదు. ఇరుకు కోణం ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, వాంతి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు వస్తే అది అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిన విషయం.

చుక్కలపెట్టె:
సీసా లెక్క చూద్దాం. 2.5 మి.లీ.లో సుమారు 80 చుక్కలు. రెండు కళ్లకూ రాత్రి ఒక్కోటి చొప్పున వేస్తే 40 రోజులు రావాలి. నాలుగు వారాలు దాటితే ఎలాగూ పారేయాలి కాబట్టి ఒక సీసా నెలకు ధారాళంగా సరిపోవాలి. రెండు వారాలకే అయిపోతోందంటే మూడేసి చుక్కలు పడుతున్నట్టే. కంట్లో ఒక చుక్కకు మించి నిలవదు. "ఎక్కువ వేస్తే మంచిది" అని లాటనోప్రోస్ట్ రోజుకు రెండోసారి వేస్తే పనితనం పెరగదు, తగ్గుతుంది.

చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి లేదా పడుకుని, కింది రెప్పను కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క అందులో పడాలి, నల్లగుడ్డు మీద కాదు. సీసా మూతి కంటికీ రెప్పకీ తగలకూడదు, తగిలితే లోపలి మందులోకి క్రిములు చేరతాయి. వేశాక కన్ను నెమ్మదిగా మూసి, ముక్కు పక్కన కంటి మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. గబగబా రెప్పలు కొడితే మందు ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. టిమోలోల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆస్తమా ఉన్నా, నాడి నెమ్మదిగా కొట్టుకుంటున్నా, బీపీకి అటెనోలాల్ లాంటి మాత్ర వేసుకుంటున్నా డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఒకే పూట రెండు మందులుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

లాటనోప్రోస్ట్‌తో మొదట్లో కాస్త ఎరుపు వస్తుంది. ఆ ఎరుపు పోవడానికి షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేయకండి. అవే ప్రెషర్‌ను పెంచుతాయి.

పొద్దుపొడుపు:
ఆస్తమా లేదు. గోనియోస్కోపీలో కోణం తెరిచే ఉందట. చేతులు వణుకుతాయి, చుక్కలు తనంతట తాను వేసుకోలేదు. లేజర్ కుదురుతుందా? శుక్లానికి మల్టీఫోకల్ లెన్స్ వేయిస్తే అద్దాలు అక్కర్లేదంటున్నారు.

నల్లగుడ్డు:
కోణం తెరిచి ఉంటే ఎస్‌ఎల్‌టీ లేజర్ (కంట్లో నీరు బయటికి పోయే దారిని మెరుగుపరిచేది) అడగొచ్చు. కొన్ని నిమిషాల పని, కోత ఉండదు. చుక్కలకు బదులు మొదటి చికిత్సగా ఇదే ఇవ్వొచ్చని 2019లో వెలువడిన లైట్ (LiGHT) అనే పరిశోధన ఫలితాలు చూపించాయి. ప్రభావం కొన్నేళ్లకు తగ్గొచ్చు, మళ్లీ చేయొచ్చు. అందరికీ చుక్కలు పూర్తిగా పోతాయని లేదు.

మల్టీఫోకల్ వద్దు. అది వెలుతురును దగ్గరికీ దూరానికీ పంచుతుంది కాబట్టి లేత రంగుల మధ్య తేడా పట్టే శక్తి తగ్గుతుంది. గ్లాకోమాలో మొదట దెబ్బతినేవాటిలో అదొకటి. ఒకే దూరానికి స్పష్టంగా చూపే మోనోఫోకల్ లెన్స్ వేయించి చదవడానికి అద్దాలు పెట్టుకోవడం మేలు. సిలిండర్ పవర్ బాగా ఉంటే దాన్ని కూడా సరిచేసే టోరిక్ లెన్స్.

"ముదరాలి" అన్నది పెద్ద కోతతో లెన్స్ తీసిన కాలం నాటి మాట. ఇప్పుడు లెన్స్‌ను అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి తీసే ఫేకోలో రెండు మూడు మి.మీ. కోతే. లెన్స్ గట్టిపడేకొద్దీ దాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువ వాడాలి, నల్లగుడ్డు లోపలి కణాలు అంత నష్టపోతాయి. చదువుకీ, మెట్లు దిగడానికీ, రాత్రి నడకకీ ఇబ్బంది మొదలైతే అదే సమయం. శుక్లాన్ని కరిగించే చుక్కలు లేవు, ఎవరమ్మినా కొనకండి.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు స్టెరాయిడ్ చుక్కలు తగ్గిస్తూ వాడతారు. గ్లాకోమా ఉన్నవాళ్లకు ఆ సమయంలో ప్రెషర్ ఎక్కే అవకాశం ఎక్కువ, కాబట్టి చెకప్‌లు ఎగ్గొట్టకండి, ప్రెషర్ చుక్కలు డాక్టర్ ఆపమంటేనే ఆపండి. మొదటి వారంలో నొప్పి తగ్గకుండా పెరిగినా, చూపు మెరుగై మళ్లీ పడిపోయినా ఆ రోజే వెళ్లాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు. నెలలో ఏళ్లో గడిచాక మళ్లీ మసక వస్తే శుక్లం తిరిగొచ్చిందని అనుకోకండి. ఎక్కువసార్లు లెన్స్ వెనక పొర మసకబారి ఉంటుంది, యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో తెరుస్తారు.