వారం నుంచి గీతలు, డబ్బాలు గీస్తున్న, తప్పు యాడుందో చెప్పుండ్రి

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
అందరికి నమస్తే. మాది సిరోంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. ఇంట్ల తెలుగే గాని బడి మరాఠీల చదివిన, మా బడిల డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సార్ వచ్చి లెక్కలు చెప్పుడే, గట్ల బొమ్మలు నేర్చుకునుడు కాలేదు. ఇప్పుడు మా అక్క బిడ్డ ఎలిమెంటరీ డ్రాయింగ్ పరీక్షకు (మహారాష్ట్ర సర్కార్ బడి పిల్లలకు పెట్టే బొమ్మల పరీక్ష) కూసుంటా, మామా నువ్వే నేర్పు అని ఎంటపడ్డది. దానికి చెప్పాలంటే ముందు నాకు చెయ్యి తిరగాలె కదా, వారం నుంచి రోజు అరగంట కూసుంటున్న. నాలుగు ఫోటోలు పెట్టిన, ఒకటి సీదా గీతలు, ఒకటి గుండ్రాలు, ఒకటి డబ్బాలు, ఆఖరిది మా ఇంట్ల స్టీల్ గ్లాసు. వాట్సాప్‌ల పెడితే అందరు సూపర్ అన్నరు, సూపర్ అంటే నాకేం తెలుస్తది? యాడ తప్పు పోయింది, ఎట్ల సరిచేసుకోవాలె, గది చెప్పుండ్రి.

ముగ్గులక్క (ధర్మాబాద్):
తమ్మీ, ఫోటోలు పెద్దగ చేసుకొని చూసిన. డబ్బాలల్ల గీత మీద గీత రుద్దలేదు, ఒక్కసారి గీసి ఇడిసిపెట్టినవ్, కొత్తోళ్లకు అది జల్ది రాదు, గది పోగొట్టుకోకు. ఇగ మొదటి కాగితం. పొట్టి గీతలు మంచిగున్నయ్, పొడుగుయి మాత్రం అన్నీ ఒకే దిక్కు వంగినయ్, విల్లు లెక్క. అన్నీ ఒకే దిక్కు వంగినయంటే అది చెయ్యి వణుకుడు కాదు, మణికట్టు టేబుల్‌కు ఆనిచ్చి అక్కడికెళ్లి తిప్పుతున్నవ్, మణికట్టు తిరిగితే వంపే వస్తది. చెయ్యి లేపి భుజం కాడికెళ్లి గుంజు. మీ అమ్మ ముగ్గేసేటప్పుడు పక్కన కూసోని చూడు, పిండి ఇడిసే వేళ్లను చూడదు, పోవాల్సిన చుక్కను చూస్తది, చెయ్యంత ఊగుతది. నువ్వు గూడ రెండు చుక్కలు పెట్టు, పెన్సిల్ తగలకుంట పైపైన రెండు మూడు సార్లు ఊపు, తర్వాత ఆగకుంట గీయి. మరీ మెల్లగ గీస్తే వణుకుతది. చుక్క దాటిపోయినా ఏం కాదు, ముందు సీదా రానీ, చుక్క కాడ ఆగుడు తర్వాత వస్తది.

బల్లార్షా అన్న:
నేను గ్లాసు గురించే చెప్త, ఎందుకంటే ఎలిమెంటరీల వస్తువు చూసి గీసే పేపర్ ఉంటది, గిసొంటియే వస్తయ్. గ్లాసు మూతి రెండు పక్కల మొనతేలింది, బాదంపలుకు లెక్క. గుండ్రాన్ని పక్కకెళ్లి చూసినా దానికి మూలలుండయ్, అంచు కాడ సన్నగైనా తిరగాలె. ఇంకోటి, మూతి గుండ్రంగ గీసి అడుగు మాత్రం అడ్డగీత గీసినవ్, బల్ల మీద ఉంది కదా అని మనసు గట్లనే చెప్తది. ఒక పని చెయ్, గాజు గ్లాసుల సగం నీళ్లు పోసి కండ్ల ఎత్తుకు లేపు, మూతి ఉత్త గీత లెక్క కనిపిస్తది. మెల్లగ దించు, మూతి తెరుచుకుంటది, నీళ్ల అంచు దానికంటె ఎక్కువ గుండ్రంగ ఉంటది, అడుగు ఇంకా ఎక్కువ. నువ్వు గీసింది సరిగ్గ దీనికి ఉల్టా ఉన్నది. ఈ ఒక్కటి కండ్లకు పడితే బిందె, బకెట్, చెంబు అన్నిటికి పనికొస్తది.

గీతల పిచ్చి (చంద్రపూర్):
డబ్బాలల్ల ఎనక్కి పోయే గీతలను ఎర్ర పెన్నుతోని అదే దిక్కు ఇంకా దూరం పొడిగించి చూడు భాయ్. మీ సిరోంచ కాడ కాళేశ్వరం పోయే గోదావరి బ్రిడ్జి మీద నిలబడితే రెండు దిక్కుల రెయిలింగులు దూరం పోయినకొద్ది దగ్గరికొస్తయ్ కదా, గట్ల రావాలె, నీ మూడో డబ్బాల ఇడిపోతున్నయ్. ఇంకా ఒక మాట, నెలరోజులు రబ్బర్ ముట్టకు, బాల్ పెన్నుతోనే గీయి.

ముగ్గులక్క (ధర్మాబాద్):
పెన్ను తమ్ముడికి సరే, పరీక్షకు పోయే పిల్లకు వద్దు. దానికి పెన్సిల్ ఎంత నొక్కాలె, ఎంత తేల్చాలె అన్నది అలవాటు కావాలె, గీతకు హెచ్‌బీ పెన్సిల్, నీడకు ఇంకా మెత్తగ, నల్లగ పడే 2బీ పెన్సిల్ చాలు. దాని కాగితం చూసినప్పుడు గూడ ఒక్కరోజుకు ఒక్క తప్పే చెప్పు తమ్మీ, వేలు పెట్టి ఇగో ఇక్కడ అని చూపియ్యి. మేమందరం నీకు ఒక్కసారే ఇన్ని చెప్పినం, నువ్వు పెద్దోనివి తట్టుకుంటవ్, చిన్న పిల్ల పెన్సిల్ కింద పెట్టి లేచిపోతది.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
అక్కా, అన్నా, భాయ్, అందరికి చాన థ్యాంక్స్. గ్లాసుల నీళ్లు పోసి లేపి దించినం, పిల్లయితే అది పట్టుకొని ఇల్లంత తిరిగింది, అమ్మమ్మకు గూడ చూపెట్టింది. పొద్దున అమ్మ వాకిట్ల ముగ్గేస్తుంటే చూసిన, అక్క చెప్పినట్టే కన్ను ముందటి చుక్క మీదనే ఉన్నది, ఇన్నేండ్లు చూస్కుంట అది పట్టనేలేదు నాకు. గ్లాసు మళ్ల గీసి ఫోటో పెట్టిన. మూతి మొనలు పోయినయ్ అనుకుంటున్న, అడుగు ఈసారి ఎక్కువ వంచిన్నా?