ఈబస్ (శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ లింఫు గ్రంథుల నుంచి సూదితో నమూనా తీసే) పరీక్షలో నెగటివ్ వస్తే నేరుగా శస్త్రచికిత్సకు వెళ్లవచ్చా?

మా నాన్నగారికి ఎడమ ఊపిరితిత్తి పై భాగంలో, పెద్ద శ్వాసనాళానికి దగ్గరగా ఉన్న 2.6 సెంటీమీటర్ల గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలింది. క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ సీటీ స్కాన్‌లో దూరంగా మరెక్కడా వ్యాధి కనిపించలేదు కానీ, శ్వాసనాళం రెండుగా చీలే చోటికి దిగువన, 7వ స్థానంలోని లింఫు గ్రంథి 8 మిల్లీమీటర్లే ఉన్నా కొద్దిగా వెలిగింది. సీటీలో 1 సెంటీమీటరు లోపు గ్రంథిని సాధారణంగా వాచినట్లు లెక్కించరు. అయినా పరిమాణాన్ని బట్టి మాత్రమే క్యాన్సర్ లేదని తేల్చలేమంటూ వైద్యులు ముందు ఈబస్ చేయించమన్నారు. ఆ సలహా సబబేనని నాకూ అనిపిస్తోంది, ఎందుకంటే ఆ గ్రంథిలో క్యాన్సర్ కణాలు దొరికితే వ్యాధి దశ పెరిగి, చికిత్స క్రమమే మారిపోతుంది.

నా ఆందోళనంతా నెగటివ్ ఫలితం గురించే. సూదికి తగినన్ని లింఫు కణాలు అందకపోతే ఆ నివేదికను నెగటివ్‌గా కాక, నమూనా చాలలేదనే భావించాలి కదా? గ్రంథి నుంచి కనీసం 3 సార్లు నమూనా తీయమని, ముందు ఎదుటి వైపు గ్రంథులతో మొదలుపెట్టి గడ్డ వైపుకు రమ్మని వైద్యులను అడగడం మర్యాదేనా?

ఇంకొకటి, ఎడమ పై భాగపు క్యాన్సర్ తరచుగా చేరే 5, 6 స్థానాల గ్రంథులు (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని పక్కన ఉండేవి) మామూలు ఈబస్‌కు అందవు. ఈ పరిస్థితిలో మీ ఇంట్లోవారికి గానీ, మీరు చూసే రోగులకు గానీ మీడియాస్టినోస్కోపీ (ఛాతీ మధ్య భాగంలోకి చిన్న కోత ద్వారా కెమెరా పంపి చేసే పరీక్ష) లేదా థొరాకోస్కోపీ (పక్కటెముకల మధ్య నుంచి ఛాతీలోకి కెమెరా పంపి చేసే పరీక్ష) కూడా చేశారా, లేక ఆ గ్రంథులను శస్త్రచికిత్సలోనే తీసి పరీక్షించారా? దయచేసి తెలియజేయగలరు.