అప్‌డేట్: అమ్మాయి వాళ్లు స్నో బ్లోవర్ (మంచును లాగి దూరంగా విసిరే మెషిన్) కొన్నారు

తిరుపతిలో ఉన్న మాకు మంచు అంటే తిరుమల కొండ మీద కమ్మే పొగమంచే. అందుకే అమెరికాలోని బఫెలోలో మా అమ్మాయి ఇంటి కంకర డ్రైవ్‌వేకి (ఇంటి ముందు కారు దారికి) సింగిల్ స్టేజ్ (ఒకే రెక్కల చక్రం మంచును లాగి విసిరేది) చాలా, టూ స్టేజ్ (లాగడానికి ఒకటి, విసరడానికి ఇంకోటి ఉండేది) కావాలా అని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే టూ స్టేజ్ తీసుకున్నారు. సింగిల్ స్టేజ్‌లో రబ్బరు రెక్కలు నేలను రాసుకుంటూ తిరుగుతాయి, కంకరను కూడా ఎత్తి విసురుతాయి. టూ స్టేజ్‌లో స్కిడ్ షూలను (ముందు భాగానికి రెండు పక్కలా నేలకు ఆనే పట్టీలను) కిందికి దించి బిగిస్తే ముందు భాగం నేలకు కాస్త ఎత్తులో ఉంటుంది. రోడ్డు శుభ్రం చేసే బండి వాకిట్లోకి నెట్టిపోయే గట్టి మంచును కూడా బాగానే లాగేస్తోందట.

నా టెన్షన్ అంతా చ్యూట్ (మంచు బయటికి విసిరే గొట్టం) గురించే. తడి మంచు ఇరుక్కుంటే చెయ్యి అస్సలు పెట్టొద్దని అల్లుడికి గట్టిగా చెప్పాను. ఇంజన్ ఆపాక కూడా రెక్కల్లో బిగువు మిగిలి ఒక్కసారిగా తిరగొచ్చు, వేళ్లు పోతాయి. ఆపి, మెషిన్‌తో వచ్చిన పుల్లతోనే తీయాలి. అదనపు షియర్ పిన్నులు (రెక్కలకు ఏదైనా గట్టిగా అడ్డుపడితే మెషిన్ పాడవకుండా ముందు తామే విరిగే పిన్నులు) కూడా తెప్పించారు. అందరికీ థాంక్స్ అండీ.