బోరులో వచ్చే గ్యాస్ "లీకు" అవుతుందా? ఊట, బుగ్గ, లీకు మాటల తేడా

ప్రశ్న: బోరు నీళ్లతో పాటు గ్యాస్ బుడగలు వస్తే వార్తల్లో "గ్యాస్ లీకు" అంటున్నారు. అక్కడ గొట్టం పగల్లేదు, వాల్వు ఊడలేదు. భూమిలోంచి దానంతటదే వచ్చేదాన్ని లీకు అనడం సబబేనా? మన మాట ఏదైనా ఉందా?

వ్యాఖ్య: సబబు కాదండీ. లీకు అనాలంటే మనిషి బిగించిన గొట్టమో సిలిండరో ఉండాలి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను నుంచి వచ్చింది లీకు. 1995లో పాశర్లపూడిలో బావి అదుపు తప్పి 65 రోజులు మండింది, అది బ్లోఅవుట్. నీళ్ల బోరులో బుడగలు ఈ రెండూ కాదు. దానికి "ఊట" అచ్చంగా సరిపోతుంది. ఊరు అనే క్రియ నుంచి వచ్చిన మాట. చెలమలో నీరు ఊరినా, నోరు ఊరినా లోపలి నుంచి మెల్లగా, తెరిపి లేకుండా రావడమే కదా. "వాయు ఊట" పుస్తకాల మాటలా ఉంది, "గ్యాస్ ఊట" చాలు.

వ్యాఖ్య: మరి "బుగ్గ"? తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి పేరులో ఉన్నది అదేగా.

వ్యాఖ్య: బుగ్గ అంటే నీరు తనంతట తానే ఉబికే చోటు. మోటారు పెట్టి తోడే బోరుకు నప్పదు. పశ్చిమ బెంగాల్ బక్రేశ్వర్‌లో వేడినీటితో పాటు గ్యాస్ కూడా ఉబుకుతుంది, అక్కడ బుగ్గ అనడం న్యాయం. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం నైట్రోజన్, దాంతో కాస్త హీలియం.

వ్యాఖ్య: పేరుకు ముందు అది గ్యాసో గాలో తేల్చుకోవాలి. నీటిమట్టం పంపు దాకా దిగితే బోరు గాలి తోడుతుంది, నీళ్లు తెల్లగా నురగతో వస్తాయి. మోటారు ఆపి, మట్టం కోలుకున్నాక చూడండి. అప్పటికీ కేసింగులో (బోరు గోడ కూలకుండా దింపిన గొట్టంలో) బుడగలు వస్తుంటే ఊటే. అగ్గిపుల్ల గీసి చూడడం మాత్రం వద్దు. మండే గ్యాస్ అయిన మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుంది. దానికి వాసన ఉండదు. వంటగ్యాస్ వాసన విడిగా కలిపిన మందుది. మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి మూసిన మోటారు గదిలో పైకప్పు కింద చేరుతుంది, స్విచ్చి వేసిన నిప్పురవ్వ చాలు. కేసింగు మూతకు గొట్టం బిగించి, దాన్ని గది బయటికి, కప్పుకు పైగా తీసుకెళ్లాలి. నీటిని ఆరుబయట తెరిచిన తొట్టిలో జల్లుగా పడేలా చేస్తే కరిగిన గ్యాస్ చాలావరకు పోతుంది.

"బోరు నీళ్లు మండుతున్నాయి" అనే శీర్షిక కూడా తప్పే. మండేది నీళ్లలోంచి విడివడిన గ్యాస్.

వ్యాఖ్య: పరీక్షకు పంపాలంటే సీసా నిండా అదే నీరు నింపి, నీళ్లలోనే బోర్లించి, గరాటుతో బుడగలు పట్టాలి. మూతి దగ్గర కాస్త నీరు మిగిల్చి, లోపలే బిరడా బిగించి, బోర్లించే ఉంచాలి. హీలియం చూడాలంటే ప్లాస్టిక్ సీసా దండగ, దాని గోడలోంచే జారిపోతుంది. రెండు కొసలా బిగించిన రాగి గొట్టం కావాలి. మీథేన్‌తో ఈథేన్, ప్రొపేన్ చెప్పుకోదగినంతగా వస్తే లోతులో వేడికి పుట్టిన గ్యాస్ అనుకోవచ్చు. అవి దాదాపు లేకపోతే ఒండ్రులో కుళ్లిన ఆకుఅలముల మీద సూక్ష్మజీవులు చేసిందై ఉండొచ్చు. కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు) కూడా చూస్తేనే గట్టిగా చెప్పగలం. అందుకే డెల్టాలో బుడగ కనిపించగానే "చమురు నిక్షేపం" అని రాయకూడదు.

వ్యాఖ్య: హీలియానికి తెలుగు మాట కట్టాలా?

వ్యాఖ్య: అక్కర్లేదండీ. రాళ్లలోని యురేనియం, థోరియం క్షీణిస్తూ పుట్టించే వాయువు అది, మండదు. పేరు గ్రీకు సూర్యుడిది. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల పోగ్‌సన్ వర్ణపటదర్శినితో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరంతో) చూశారు. ఆ ఏడాది సూర్యకాంతిలో పట్టుబడిన పసుపు గీతకు కారణమైన మూలకానికే ఇంగ్లండు శాస్త్రవేత్త లాకియర్ తర్వాత ఆ పేరు పెట్టాడు. మన ఊళ్ల మీదుగా వచ్చిన పేరును మార్చడమెందుకు? మండే గ్యాస్ అయితే "మీథేన్ ఊట", ఇదైతే "హీలియం ఊట". ఏదో తేలేదాకా "గ్యాస్ ఊట" అని రాస్తే తప్పు కాదు.